ఘర్‌పట్టీ కాయిదం చదువుకుందాం

మా నాయన పోయి తొమ్మిదేండ్లయినా సోలాపూర్‌ల ఘర్‌పట్టీ బిల్లు ఆయన పేరుమీదనే వస్తుండె. కడుతున్నం గదా, ఇల్లు మనదే అనుకున్నం. కొడుకు చదువుకు లోను అడిగితే బ్యాంకోళ్లు కాయిదాలు తిప్పి పంపిరి. అప్పుడు తెలిసింది: పట్టీ పావతి హక్కు పత్రం కాదు. హక్కు తేలాలంటే రిజిస్ట్రీ కాయిదం, సిటీ సర్వే ఆఫీసు ప్రాపర్టీ కార్డు చూడాలె.

బిల్లు రాంగనే పేరు, మిల్కత్ నంబరు, ఇంటి కొలత, పాత బాకీ సరిచూసుకోండ్రి. బాకీ నిలిస్తే నెలకు 2 శాతం దండుగ పడుతది.

ఇంటి పెద్ద పోయినంక మరణ దాఖలా, వారసుల కాయిదాలు ఇచ్చి పాలికలో, సిటీ సర్వేలో రెండుచోట్లా పేర్లు ఎక్కించుకోండ్రి. అక్కచెల్లెండ్లను మరువకుండ్రి, వాళ్లకూ సమాన హక్కే. మేం నలుగురం కలిసి పోయి సంతకాలు పెట్టినం. ఇంట్ల మాట పెరగలే.