వాళ్ల ఏడాది లెక్క చదువుదాం, మన లెక్క అడుగుదాం

ఏటా మే నెలలో రెండు లెక్కలు తేలుతాయి. ఒకటి మన ఇండ్లల్లో. యాసంగి వడ్లు కాంటా అయినంక బ్యాంకు పాస్‌బుక్కు, ఎరువుల దుకాణం బాకీ చిట్టీ, అడ్తిదారు రాసిచ్చిన కాగితం ముందర వేసుకొని భార్యాభర్తలు కూర్చొని చూసుకునే లెక్క. రెండోది ముంబైలో. పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీలు ఏడాది పొడుగునా ఎంత అమ్మినయో, ఎంత మిగిలిందో బయటపెట్టే లెక్క. మొదటిది ఏ పేపర్లోనూ రాదు. రెండోది అన్ని పేపర్లలోనూ వస్తుంది.

రైతు సంఘం పత్రికలో కంపెనీల లాభాల ముచ్చట ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఆ దుకాణాల అల్మారాల్లో ఉన్నది మన బియ్యం, మన కందిపప్పు, మన శనగపిండి, మన పసుపు, మన సోయా నూనె. మన పంట ఎక్కడికి పోతున్నదో, అక్కడ ఎంతకు అమ్ముడుపోతున్నదో తెలుసుకోకుండా ధర అడగలేం. అందుకే ఈ నెల వాళ్ల లెక్క చదువుదాం.

డీమార్ట్ పేరు మనందరికీ తెలుసు. పండుగకు సామాన్లు తెచ్చుకోవడానికి మన పిల్లలు పోతున్నది ఇట్లాంటి దుకాణాలకే. ఆ కంపెనీ అసలు పేరు అవెన్యూ సూపర్‌మార్ట్స్. 2002లో ముంబైలో ఒక్క దుకాణంతో మొదలైంది. కరోనా ఏడాది, అంటే 2020-21లో, దానికి కూడా దెబ్బ తగిలింది. అంతకు ముందటేడు రూ.24,675 కోట్లున్న అమ్మకాలు రూ.23,787 కోట్లకు దిగినయి. లాభం రూ.1,350 కోట్ల నుంచి రూ.1,165 కోట్లకు పడింది. ఆ తర్వాత కోలుకున్నది. 2024-25 ఏడాదికి అమ్మకాలు రూ.57,790 కోట్లు, లాభం రూ.2,927 కోట్లు. నాలుగేండ్లలో లాభం రెండున్నర రెట్లయింది.

అదే నాలుగేండ్లలో మనకేమైంది? 2020-21లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు రూ.1,868. 2024-25లో రూ.2,300. పెరిగింది వందకు 23. మధ్యరకం పత్తి రూ.5,515 నుంచి రూ.7,121 అయింది. వందకు 29. ఆదిలాబాద్ రైతు నమ్ముకున్న సోయా రూ.3,880 నుంచి రూ.4,892. వందకు 26. ఇది కాగితం మీది ధర. 2024 వానాకాలం సోయా మార్కెట్‌కు వచ్చినప్పుడు బయటి వ్యాపారి ధర ఈ మద్దతు ధర కంటే కిందనే ఉన్నది. ఇక మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల రైతు పండించే పసుపుకు మద్దతు ధరే లేదు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు వచ్చింది, నిజామాబాద్‌లో ఆఫీసు పెట్టారు. బోర్డు వచ్చింది కానీ ధరకు హామీ రాలేదు.

ఈ అంకెలు చూసి కోపం రావడం సహజం. కానీ కోపంతో తప్పు లెక్క చెప్పకూడదు. ఎదుటివాడు ఒక్క అంకె తప్పని చూపిస్తే మన తొమ్మిది నిజాలు కూడా కొట్టుకుపోతాయి. కాబట్టి రెండు విషయాలు న్యాయంగా ఒప్పుకుందాం. ఒకటి, ఈ నాలుగేండ్లలో ఆ కంపెనీ దుకాణాలు 234 నుంచి 415 అయినయి. దుకాణాలు పెరిగితే అమ్మకాలు పెరుగుతయి. లాభం పెరిగిందంతా మన ధర తొక్కిపట్టే వచ్చిందనలేం. రెండోది ఇంకా ముఖ్యం. వంద రూపాయల సరుకు అమ్మితే ఆ కంపెనీకి కొన్న ధర మీద మిగిలేది సుమారు 15 రూపాయలు. అందులో జీతాలు, కరెంటు, పన్నులు అన్నీ పోను చేతికి వచ్చేది 5 రూపాయలు. మిగతా 85 రూపాయలు సరుకు సరఫరా చేసినవాళ్లకు పోతున్నయి.

మరి సరఫరా చేసినవాళ్లు ఎవరు? మనమా? కాదు. రైస్ మిల్లు, పప్పు మిల్లు, నూనె కంపెనీ, ప్యాకెట్ మీద పేరు వేసుకునే పెద్ద బ్రాండు. మన వడ్లు, మన కందులు వాళ్ల దగ్గరికి చేరేలోపే మన పాత్ర ముగిసిపోతున్నది. పెద్ద దుకాణం మనల్ని దోచుకుంటున్నదని కేకలు వేయడం తేలిక. అసలు ఆ దుకాణానికీ మనకూ నడుమ ఉన్న మెట్లలో ఒక్క మెట్టు కూడా మన చేతిలో లేదన్నది చేదు నిజం.

రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబరులో బయటపెట్టిన అధ్యయన పత్రాలు ఇదే మాట వేరే తీరుగా చెప్పినయి. తినేవాడు టమాటకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలు. ఉల్లిగడ్డకు 36 పైసలు. మామిడిపండుకు 43 పైసలు. అదే శనగలకు 75 పైసలు, కందులకు 65 పైసలు. ఈ తేడా ఎందుకు? శనగలు ఆరబెట్టి బస్తా కట్టి నెల రోజులు ఇంట్లో పెట్టుకోవచ్చు. టమాట రేపటికి ఆగదు. ఆగలేని సరుకు ఉన్నవాడు ఎంతకడిగితే అంతకు ఇచ్చి రావలసిందే. జగిత్యాల మామిడి ఢిల్లీ దాకా పోయి పేరు తెచ్చుకుంటున్నది. పేరు ఢిల్లీ దాకా పోయింది కానీ ఢిల్లీ ధర జగిత్యాల దాకా రావడం లేదు.

మా అనుభవం ఒకటి చెప్తాం. కొన్నేండ్ల కింద ఒక పెద్ద కంపెనీ కూరగాయల సేకరణ కేంద్రానికి మా ఊరి రైతులం పది మందిమి టమాట తీసుకుపోయినం. ధర మార్కెట్ కంటే కిలోకు రూపాయి ఎక్కువే రాసి పెట్టారు. సంబరపడ్డం. గ్రేడింగ్ అయినంక డబ్బాల్లో సగం వెనక్కి ఇచ్చారు. సైజు చిన్నదన్నారు, రంగు తక్కువన్నారు. కాగితం మీద కారణం రాసివ్వమంటే ఇయ్యలేదు. మిగిలిన సగం పట్టుకొని మార్కెట్‌కు పోయేసరికి పొద్దెక్కింది, ధర దిగింది. ఆ ఎక్కువ వచ్చిన రూపాయి ఆటో కిరాయికి కూడా చాలలేదు. కొన్నవాడు అబద్ధం చెప్పలేదు. ఎంత కొంటాడో, దేన్ని కాదంటాడో ముందుగా రాసివ్వలేదు. నష్టమంతా ఆ రాయని మాటలోనే ఉన్నది.

అన్ని కంపెనీలూ లాభాల్లోనే ఉన్నయని కూడా అనుకోవద్దు. ఈ వ్యాపారంలో మునిగినవాళ్లు చాలామంది. హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర దుకాణాలు గుర్తున్నయా? 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొన్నది, మోర్ అని పేరు పెట్టింది, ఏండ్ల తరబడి నష్టాల్లో నడిపి 2018లో అమ్ముకున్నది. చెన్నైలో మొదలైన సుభిక్ష సుమారు 1,600 దుకాణాల దాకా పెరిగి 2009లో మూతపడ్డది. హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలను 2016లో ఫ్యూచర్ గ్రూపు తీసుకున్నది. ఆ ఫ్యూచర్ రిటైలే కరోనా తర్వాత బ్యాంకుల అప్పు కట్టలేక 2022లో దివాలా కోర్టుకు చేరింది.

విశాల్ కథ ఇంకో తీరు. అప్పుల్లో కూరుకుపోయిన విశాల్ రిటైల్ 2011లో రూ.70 కోట్లకు చేతులు మారింది. కొత్త యజమానులు నిలబెట్టారు. 2024 డిసెంబరులో విశాల్ మెగా మార్ట్ పేరుతో షేర్ మార్కెట్‌లో రూ.8,000 కోట్ల షేర్లు అమ్మారు. 2024-25 ఏడాదికి అమ్మకాలు రూ.10,716 కోట్లు, లాభం రూ.632 కోట్లు. దీన్నే పేపర్లు కోలుకోవడం అని మెచ్చుకున్నయి.

కోలుకోవడం మంచిదే. మేము తప్పుపట్టడం లేదు. కానీ ఒక్క మాట అడుగుతున్నం. కంపెనీ మునిగితే అప్పు తిరగరాస్తారు, వాయిదా మారుస్తారు, కొత్త పెట్టుబడి తెస్తారు, పదేండ్లు ఓపిక పడతారు. యజమాని ఇల్లు పోదు. రైతు రెండు పంటలు పోగొట్టుకుంటే ఆ ఓపిక ఎవరు పడుతున్నారు? 2024లో మన రాష్ట్రంలో రూ.2 లక్షల దాకా పంట రుణాలు మాఫీ చేశారు. దాని మీద ఎన్ని మాటలన్నారో విన్నం. రైతుకు మాఫీ ఇస్తే సోమరితనం అలవాటవుతుందన్నవాళ్లు, కంపెనీ అప్పు తిరగరాస్తే దాన్ని తెలివైన వ్యాపారం అంటున్నారు. ఒకే పనికి రెండు పేర్లు పెట్టొద్దన్నదే మా మాట.

మరి మన చేతిలో ఏమీ లేదా? ఉన్నది. దూరం పోనక్కర లేదు. పాత కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలం ముల్కనూరుకు పోయి చూడండి. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చుట్టుపక్కల ఊర్ల రైతులను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. అప్పుతో మొదలై ఎరువులు, విత్తనాలు, రైస్ మిల్లు, పత్తి జిన్నింగ్ దాకా పోయింది. అక్కడి ఆడవాళ్లు 2000లో సొంత పాల డెయిరీ పెట్టి స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నారు. పైన చెప్పిన నడిమి మెట్లు కొన్ని అక్కడ రైతుల చేతిలో ఉన్నయి. అక్కడ రైతులు గొప్పవాళ్లు, మనం తక్కువవాళ్లం అని కాదు. అక్కడ ఏటా మహాసభలో లెక్క చదువుతారు. సభ్యుడు లేచి అడుగుతాడు. పాలకవర్గం జవాబు చెప్పాలె. ఆ సంఘాన్ని ఏడు పదుల ఏండ్లు నిలబెట్టింది ఆ అలవాటే.

మన దగ్గర ఏమవుతున్నది? ఊరూరా రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు పెట్టారు. వాటా డబ్బు కట్టినం. వాటి ఏడాది లెక్క ఎంతమంది చూసినం? ప్రాథమిక సహకార సంఘం మహాసభకు ఎంతమంది పోయినం? డీమార్ట్‌లో ఒక్క షేరు కొన్న పట్నపోడు దాని లెక్క మూణ్నెల్లకోసారి చదువుతాడు. మన సొంత సంఘం లెక్క మనం మూడేండ్లకోసారి కూడా చదవం. ఇది మనల్ని మనం అనుకోవలసిన మాట.

ఇక కంపెనీలనూ ప్రభుత్వాన్నీ మేము అడిగేవి ఇవి.

ఒకటి. షేర్ మార్కెట్‌లో ఉన్న మొదటి వెయ్యి కంపెనీలు తాము కొన్న సరుకులో ఎంత శాతం చిన్న పరిశ్రమల నుంచి, చిన్న ఉత్పత్తిదారుల నుంచి నేరుగా కొన్నయో ఏటా చెప్పాలని సెబీ నిబంధన ఉన్నది. అందులో ఫ్యాక్టరీనీ రైతునూ ఒకే గంపలో వేస్తున్నారు. రైతుల నుంచి, రైతు సంఘాల నుంచి కొన్నదెంతో విడిగా చూపాలి.

రెండు. చిన్న పరిశ్రమ సరుకిస్తే 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నుంచి చట్టం ఉన్నది. పాడైపోయే పంట అమ్మిన రైతుకు అంతకంటే తక్కువ గడువు పెట్టి, దాటితే వడ్డీ ఇప్పించాలి.

మూడు. సేకరణ కేంద్రంలో సరుకు వద్దంటే కారణం, తూకం, తేదీ రాసి చీటీ ఇవ్వాలి. కొనే పరిమాణం ముందే రాసివ్వాలి.

నాలుగు. జిల్లాలో దుకాణం నడిపే కంపెనీ ఆ జిల్లా సహకార సంఘాల బియ్యం, పప్పు, పసుపు, పాలకు అల్మారాలో చోటివ్వాలి. మన దగ్గర అమ్ముకుంటూ మన దగ్గర కొననంటే ఎట్లా?

ఐదు. 1999లో మొదలైన రైతు బజార్లు ఇప్పటికీ చిన్న రైతుకు దిక్కు. వాటిలో దళారులను తీసేసి, చల్లని గిడ్డంగులు కట్టాలి. టమాట నాలుగు రోజులు ఆగగలిగితే రైతు కూడా నాలుగు రోజులు ఆగగలుగుతాడు. అప్పుడే బేరం మొదలవుతుంది.

గ్రామ కమిటీలకు ఒక విన్నపం. వచ్చే నెల మీటింగులో ఒక పని చేయండి. ఒక పలక మీద మీ ఊరి వడ్లకు, కందులకు, పసుపుకు ఈ ఏడు మీకు ముట్టిన ధర రాయండి. పక్కన, పట్నం దుకాణంలో అదే బియ్యం, పప్పు, పసుపు పొడి ప్యాకెట్ మీదున్న ధర రాయండి. క్వింటాలు వడ్లకు ఎన్ని కిలోల బియ్యం వస్తయో, మర ఖర్చు ఎంతో, కిరాయి ఎంతో అందరూ కలిసి తీసేయండి. మిగిలిన తేడా ఎంతో చూసి, ఆ కాగితం సంఘం ఆఫీసుకు పంపండి. అన్ని ఊర్లవి కలిపి ఈ పత్రికలో అచ్చువేస్తాం. కలెక్టర్ దగ్గరికి, మార్కెటింగ్ శాఖ దగ్గరికి అదే పట్టుకొని పోదాం.

కంపెనీ తన లెక్క దాచుకోదు. లెక్క చూపిస్తేనే దానికి పెట్టుబడి వస్తుంది. మన లెక్క మనం రాసుకొని చూపిస్తేనే మనకు ధర వస్తుంది.