మీరే చేయండి: బంగారు అక్షరాలు

పిల్లలూ! ఒకప్పుడు జగిత్యాల తాలూకా కోరుట్లలో చేత్తో చేసిన కాగితం పట్వారీల లెక్కల పుస్తకాలకు వాడేవారు. అటువంటి కాగితం అట్టగా వేసి, మీ పేరును బంగారు రేకుతో అతికిద్దామా?

నానిన తుమ్మజిగురులో రెండు చుక్కల తేనె కలిపి, పేరు రాసి ఆరనివ్వండి. రేకును మాత్రం వేలితో ముట్టకండి, వేలికే అంటుకుపోతుంది! సుమారు పదివేల రేకులు పేర్చితేగాని మిల్లీమీటరు మందం కాదు. దీపానికి అడ్డుపెడితే ఆకుపచ్చ వెలుగు కనిపిస్తుంది!

కిటికీలు మూసి, మెత్తని కుంచెను బుగ్గకు రాసి, ఆ కాస్త జిడ్డుతో రేకును ఎత్తండి. (తుమ్మకండి సుమా!) అక్కయ్యను జిగురుపై "హా" అని ఊదమనండి. బంక రాగానే రేకు పరచి, పైన పలుచని కాగితం ఉంచి అద్దండి. మిగిలిన రేకును కుంచెతో దులపండి.

అసలు రేకు ఖరీదు. నేర్చుకోవడానికి రాగి, తుత్తునాగం కలిసిన నకిలీ రేకు చాలు. నల్లబడకుండా వార్నిషు పూయండి.