నేరకథ – పాఠకుని న్యాయపీఠము

ఒక అపరాధ పరిశోధక నవలను పదిమంది చదివి, పిమ్మట ఒకచోట గూడి దానిని గూర్చి ముచ్చటించుకొనునప్పుడు ఏకాభిప్రాయము కుదురుట అరుదు. తుదిపుట వఱకు పుస్తకమును క్రింద పెట్టలేకపోతినని ఒకరు ఉత్సాహముతో పలుకగా, హంతకుడెవడో నడిమి ప్రకరణముననే తెలిసిపోయినదని మఱియొకరు పెదవి విఱుతురు. ఒక మనుష్యుని చావును ప్రొద్దుపుచ్చు సాధనముగా జేసికొనుట సహృదయులకు తగునా యని వేఱొకరు నిలదీయుదురు. ఇందూరునను (నేటి నిజామాబాదు) బోధనునను సాహిత్యగోష్ఠులలో పాల్గొను మిత్రులకు ఈ మూడు కంఠములును పరిచితములే. లోకో భిన్నరుచిః అని సరిపెట్టుకొనుట కంటె, ఈ భేదమునకు మూలమేమో విచారించుట లాభకరమని మా తలంపు.

ఈ వివాదము మన నాటిది కాదు, మనకే పరిమితమైనదియు కాదు. 1926లో అగాథా క్రిస్టీ రోజర్ ఆక్రాయిడ్ హత్యను గూర్చిన నవలను వెలువరింపగా, రచయిత్రి తమను వంచించినదని కొందఱు పాఠకులు ఆగ్రహించిరి. అది అపూర్వ కథాశిల్పమని కొందఱు కొనియాడిరి. 1929లో రోనాల్డ్ నాక్స్ అను క్రైస్తవ మతాచార్యుడు, పరిశోధకునకు దొరకిన ప్రతి ఆధారమును పాఠకునకును తత్క్షణమే చూపవలెనను నియమముతో గూడిన పది సూత్రములను ప్రకటించెను. 1945లో అమెరికను విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్, అదివఱకు తాను చేసిన ఖండనపై వచ్చిపడిన నిరసన లేఖలకు సమాధానముగా, ఆక్రాయిడును ఎవరు చంపిన నెవరికి గావలెనను అర్థము గల శీర్షికతో మఱియొక వ్యాసము వ్రాసి, ఈ జాతి రచనలను చదువుట వ్యసనమేయని తీర్పు చెప్పెను.

తెలుగునాట కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధరును, ఆతని సహాయకుడు రాజును ఎఱుగని చదువరులు ఒకనాడు అరుదుగా నుండిరి; కవిగా, సాహిత్యచరిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కిన ఆరుద్రయు ‘పలకల వెండిగ్లాసు’ వంటి డిటెక్టివు నవలను వ్రాసెను. అట్ట చినిగి, దారముతో మఱల కుట్టబడి, అంచులు చేతిచెమటకు నల్లబడి, అద్దె పుస్తకముల దుకాణమునుండి ఇంటింటికి తిరిగిన ఆ చిన్న నవలలు, కావ్యమును తెఱచి యెఱుగని యెందఱకో పఠనాభ్యాసమును కలిగించినవి. ఏ మాట వెనుక ఏ మర్మమున్నదోయని ప్రతి వాక్యమును అనుమానించి చదువుట సామాన్యమైన శిక్షణ కాదు. కనుక ఈ నవలలను తృణీకరించుట కృతఘ్నత యగును.

అయినను ఆ మూడవ కంఠము వేసిన ప్రశ్నకు ఇంకను సమాధానము కావలసియున్నది. ఆ సమాధానము మన యూరి ఖిల్లా గోడలలోనే యున్నది. నిజాము పాలన తుదిదినములలో కవి దాశరథి బొగ్గుతో పద్యములు వ్రాసిన, ఆ ఖిల్లాలోని ఇందూరు కారాగారముననే ఆయనతోపాటు బందీయైయుండిన వట్టికోట ఆళ్వారుస్వామి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకములను మోసికొని ఊరూర తిరిగి అమ్మిన త్యాగి. ఆయన తన నిర్బంధజీవితమున కలిసికొన్న ఖైదీలను గూర్చి ‘జైలు లోపల’ అను కథాసంపుటిని వ్రాసెను. అందు నేరస్థుడెవడో వెదకవలసిన పనిలేదు. అతడు మొదటి పుటనే ఊచల వెనుక నున్నాడు. అతనిని అచ్చటికి నెట్టిన పరిసరములేవి యను అన్వేషణమే ఆ కథలకు ప్రాణము. పరిశోధక నవల ముగియు చోటనే ఆళ్వారుస్వామి కథ మొదలగుచున్నది. మా దృష్టిలో ఇవి విరోధులు కావు. ఒకే విచారణకు పూర్వోత్తర భాగములు.

ఈ రెంటిని కలుపగల నవలకు మా చెఱకు సీమ కంటె తగిన రంగస్థలమేది? 1931లో పూర్తియైన నిజాంసాగరు మంజీరా నీటిని ఈ పొలములకు తెచ్చినది. 1937లో నెలకొన్న బోధను చక్కెర కర్మాగారము చుట్టును షక్కర్‌నగరు వెలసినది. 2015 తుదిలో ఆ కర్మాగారము మూతపడినది. నిలువెత్తు పెరిగిన చెఱకుతోటలో రెండడుగుల దూరమున నున్న మనుష్యుడు సైతము కానరాడు. ఆకు అంచు రంపమువలె చర్మమును కోయును. కొట్టిన చెఱకు కాటా యొద్ద ఎండలో నిలిచిన కొలది తూకము తగ్గును. ఆ తగ్గిన తూకము రైతు అప్పునకు తోడగును. గేటు మూయబడిన నాడు కూలి యింట పొయ్యియు ఆఱును. ఇట్టి చోట ఒక నేరము జరిగెనని వ్రాయువాడు, కత్తి పట్టిన చేతిని కనిపెట్టుటతో ఆగిన, కథలో సగమే చెప్పినవాడగును.

కనుక గోష్ఠులు నడుపుచున్న మిత్రులకు మా విన్నపమిది: ఒక నేరకథను చర్చకు గైకొన్న నాడు, ‘జైలు లోపల’ నుండి ఒక కథను దానితో కలిపి చదువుడు. రచయిత మనకు ఆధారములను న్యాయముగా చూపెనా యని ముందు అడుగుడు. చనిపోయినవానికిని చంపినవానికిని న్యాయము చేసెనా యని పిమ్మట అడుగుడు. ఈ రెండు ప్రశ్నలకును నిలిచిన నవల ఉత్తమ సాహిత్యమే. అట్టి నవలను ఈ నేల పలుకుబడిలో వ్రాయగల యువరచయితలు ముందునకు రావలెను. వారి కొఱకు ఈ పత్రిక ద్వారములు సదా తెఱచియుండును.