స్పృశింపని తీర్థం

పర్వతగహ్వరాలలోనూ నదీసంగమాలలోనూ ఋషికి ప్రజ్ఞ ఉదయించినదని ఋగ్వేదం ఎనిమిదవ మండలం తెలుపుతున్నది. శ్వేతాశ్వతరోపనిషత్తు రెండవ అధ్యాయం యోగసాధనకు అనువైన స్థలాన్ని నిర్దేశిస్తూ, అది సమతలమై, శుచియై, జలధ్వనితో మనస్సుకు అనుకూలమై, గాలి తాకిడి లేనిదై ఉండవలెనన్నది. ఈ లక్షణాలు ఏ ఒక్క దేశానికో పరిమితమైనవి కావు.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ సిటీకి చేరువగా, వాసాచ్ పర్వతశ్రేణిలో బిగ్ కాటన్‌వుడ్ కాన్యన్ అనే లోయ ఉన్నది. దాని ఎగువభాగంలో, 8,000 అడుగులకు పైబడిన ఎత్తున, సెలయేటి ఒడ్డున రెడ్‌మన్ అనే చిన్న క్యాంప్‌గ్రౌండ్ ఉన్నది. వేసవిలో మాత్రమే తెరచి ఉండే ఆ స్థలంలో గుడారం వేసుకొని ఒకటి రెండు రాత్రులు గడపవచ్చును. చుట్టూ దేవదారుజాతి వృక్షాలు, చెంతనే నిరంతర జలనాదం. ఉపనిషత్తు కోరిన స్థలం ఇట్టిదే కదా అని ఆస్తికునికి తోచడం సహజం.

అయితే అక్కడొక నిషేధం ఉన్నది. ఆ సెలయేటిలో స్నానం చేయరాదు, ఈదరాదు, కాలు సైతం మోపరాదు. పెంపుడు కుక్కలను ఆ లోయలోనికే తీసుకొనిపోరాదు. కారణం సుస్పష్టం: ఆ నీరే దిగువనున్న నగరానికి త్రాగునీరు.

ఇక్కడ కొందరు భక్తులకు సందేహం కలుగవచ్చును. ప్రవహించే జలాన్ని చూచి స్నానమాడకుండా, ఒక పుష్పమైనా వదలకుండా మరలిపోవడం తీర్థాన్ని అవమానించడం కాదా? గంగాగోదావరులలో కోట్లాది జనులు మునుగుతుండగా ఈ సెలయేటికి మాత్రమే అంటు ఏమిటి?

ఈ ఆక్షేపణ శ్రద్ధనుండి పుట్టినదే కాని, శాస్త్రదృష్టితో పరిశీలిస్తే నిలువదు. జలంలో మలమూత్రాలను, ఉమ్మిని, అశుచియైన ఏ పదార్థాన్నీ విడువరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయం శాసించింది. జలం పూజ్యం కనుకనే ఆ కట్టుబాటు. ప్రకృతిలో బస చేసేవారు పాటించవలసిన నియమాలను బోధించే లీవ్ నో ట్రేస్ సంప్రదాయం సైతం, పాత్రలు తోముకొనడం, శౌచవిధి వంటివి నీటికి 200 అడుగుల దూరంలోనే జరుపవలెనంటున్నది. భాషలు వేరైనా రెండింటి తాత్పర్యం ఒక్కటే.

పైగా ధర్మాచరణలో దేశకాలాల విచారణ అనివార్యం. మహానదికి, ఇరుకైన లోయలోని చిన్న సెలయేటికి సామ్యం చెప్పరాదు. సర్వప్రాణుల సుఖదుఃఖాలను తనతో పోల్చి చూచువాడే ఉత్తమయోగి అని గీత ఆరవ అధ్యాయం బోధిస్తున్నది. ఎగువన మునిగినవానికి కలిగే పుణ్యభావన, దిగువన దోసిలి పట్టేవానికి మాలిన్యం కారాదు.

అట్లని స్నానఫలం లేకుండా పోదు. స్మృతికారులు ఏడువిధాల స్నానాలను చెప్పి, వానిలో విష్ణుచింతనాత్మకమైన మానసస్నానాన్ని చేర్చియున్నారు. వేకువన గుడారం వెలుపల కూర్చుండి, వెంట తెచ్చుకొన్న నీటితో ఆచమనం గావించి, సెలయేటి నాదాన్నే ఆలంబనంగా గైకొని మనస్సును నిలుపువానికి ఆ స్నానం సులభం.

భాగవతం ఏకాదశస్కంధంలో అవధూత తన ఇరువదినలుగురు గురువులలో జలాన్ని, సర్పాన్ని కూడ పేర్కొన్నాడు. జలంనుండి నైర్మల్యాన్ని, తనకై ఇల్లు కట్టుకొనక పరులు చేసిన నెలవులో తలదాచుకొనే సర్పంనుండి అపరిగ్రహాన్ని నేర్చుకొన్నాడు. గుడారవాసి స్థితియూ అట్టిదే. ఆ నేల అతనిది కాదు, మరునాడు మరొకరు వచ్చి చేరుతారు. నిప్పును ఏర్పాటైన కుండంలోనే రగిల్చి, పూర్తిగా చల్లార్చి, పెద్ద ధ్వనితో భక్తిగీతాలను మ్రోగించి పొరుగువారి నిద్రకు భంగం కలిగించక, తెచ్చిన ప్రతి వస్తువునూ తిరిగి తీసుకొనిపోవడం అతని విధి. పూజానంతరం మిగిలిన పువ్వులు, కొబ్బరిచిప్పలు కూడ ఆ వస్తువులలోనివే.

తీర్థయాత్రలో స్పర్శకు స్థానం ఉన్నది, నిజమే. కాని స్పృశింపక కాపాడవలసిన తీర్థాలూ ఉన్నవి. అట్టిచోట ఒడ్డున నిలిచి చేసే నమస్కారమే ఆ జలానికి తగిన అర్చన.