మ్రింగుడుపడని అన్నము, కదలిపోవు మెదడు

1664లో మెదడు నిర్మాణమును గూర్చి మహాగ్రంథమును రచించి, దాని యడుగున నున్న రక్తనాళవలయమునకు తన పేరును శాశ్వతముగా నొసగిన ఆంగ్లవైద్యుడు థామస్ విల్లిస్, పదేండ్ల పిదప, తిన్న యన్నము కడుపులోనికి దిగక తిరిగివచ్చు నొక రోగిని వర్ణించి, తిమింగలపు నోటిలోని బద్దకు కొనయందు స్పంజిని గట్టి, దానితో ఆహారమును లోనికి నెట్టుకొను నుపాయమును జెప్పెను.

ఆ వ్యాధినే నేడు అకలేజియా యందురు. అన్నవాహిక దిగువనున్న కండరము సడలవలసిన వేళ సడలకుండుటయే దాని లక్షణము. ఏటా లక్షమందిలో ఇంచుమించు ఒకరికి క్రొత్తగా కలుగు నీ వ్యాధిని, ఛాతీమంటను జూచి ఆమ్లరోగమని భ్రమించి, ఏండ్లతరబడి మాత్రలతో గడపినవారెందరో కలరు. తొలిదశలో ఎండోస్కోపీ యేమియు జూపకపోవచ్చును. బేరియము మ్రింగించి తీసిన ఎక్స్‌రేయు, అన్నవాహికలోని యొత్తిడిని కొలుచు మానోమెట్రీయు చేసిననే నిజము తేలును. నీరు సైతము దిగుట లేదని రోగి మొరపెట్టుకొన్న మాటను శ్రద్ధగా ఆలకింపని వైద్యునికి ఆ పరీక్షల తలంపే పుట్టదు.

ఇక విల్లిస్ శోధించిన మెదడు విషయమునకు వత్తము: దాని కంతుల చికిత్సలో యంత్రసహాయము అమూల్యము. ముందుగా తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రమునే పటముగా గొని, శస్త్రకారుని పరికరము ఎచ్చట నున్నదో నావిగేషన్ యంత్రము తెరపై జూపును. అయితే కపాలము తెరచి, ద్రవము జారి, కంతి కొంత తొలగినంతనే మెదడు స్థానము మారును, పటము పాతబడును. అందువలననే 1990 దశకమున బోస్టను వైద్యులు శస్త్రచికిత్స నడుమనే ఎం.ఆర్.ఐ. తీయు నేర్పాటు గావించిరి. అంత వ్యయమునకు తాళలేని చోట అల్ట్రాసౌండు కలదు. మన ప్రభుత్వ బోధనాసుపత్రులు కోట్ల వెలగల యంత్రమునకై ఎదురుచూచుటకంటె, అల్ట్రాసౌండు చిత్రమును చదువనేర్చిన శస్త్రకారులను, మానోమెట్రీ చేయనేర్చిన సిబ్బందిని ముందుగా తీర్చిదిద్దవలెనని నా దృఢాభిప్రాయము.