ఆ మొదటి గడిలో టిక్కు పెట్టకండి

అమెరికాలో ఏ ఉద్యోగంలో చేరినా మొట్టమొదట నింపాల్సిన కాగితం ఒకటుంది. పేరు ఐ-9. అందులో నాలుగు గడులుంటాయి. మొదటిది ‘నేను అమెరికా పౌరుణ్ణి’. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గ్యాస్ స్టేషన్‌లో పార్ట్‌టైంకు కుదిరిన మన పిల్లవాడు “ఏది పెట్టాలన్నా?” అని అడుగుతాడు. “మొదటిదే పెట్టెయ్‌రా, ఎవడు చూడొచ్చాడు” అంటాడు రూమ్మేట్. పెట్టేస్తాడు. పౌరుణ్ణని అబద్ధమాడిన విదేశీయుడికి ఆ దేశపు చట్టంలో దాదాపు క్షమాపణ లేదు. పదేళ్ల తర్వాత పెద్ద కంపెనీలో ఇంజినీరయినా, ఆ దేశపు అమ్మాయినే పెళ్లి చేసుకున్నా, గ్రీన్‌కార్డు దగ్గర ఆ టిక్కు అడ్డం పడుతుంది.

ఈ సంగతి చాలామందికి తెలియదు. అందుకే ఇప్పుడే చెప్పాల్సి వస్తోంది.

2023-24లో అమెరికాలో చదివిన మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. చైనాను కూడా దాటేశాం. వాళ్లలో తెలుగు పిల్లలు ఎందరో తెలియాలంటే ఆగస్టులో ఒక్క రాత్రి శంషాబాద్ విమానాశ్రయంలో నిలబడండి చాలు. వెళ్లేవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్లు, డేటా, ఎలక్ట్రానిక్స్ చదవడానికే వెళ్తున్నారు. చదువయ్యాక పని నేర్చుకోవడానికి ఏడాది ఓపీటీ, సైన్సు, టెక్నాలజీ చదివితే మరో రెండేళ్లు. ఆ తర్వాత హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాకు లాటరీ. ఏటా ఉండే 85,000 వీసాలకు 2023లో 7,80,000కు పైగా దరఖాస్తులు పడ్డాయి. అర్హమైన వాటిలో సగానికి పైగా ఒకే మనిషి పేరుమీద రెండు మూడు కంపెనీలు వేసినవే. మరుసటి ఏడు నుంచి దరఖాస్తులను కాక మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 2025 సెప్టెంబరులో బయటినుంచి తెచ్చుకునే కొత్త హెచ్-1బీ ఉద్యోగికి లక్ష డాలర్ల రుసుం అన్నారు. తలుపు ఇరుకవుతున్నకొద్దీ దొడ్డిదారి చూపిస్తామనేవాళ్లు పెరుగుతారు. మన భయం వాళ్ల గురించే.

వాళ్లు కొత్తవాళ్లేమీ కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే బూటకపు విశ్వవిద్యాలయం మీద అధికారులు దాడి చేశారు. అందులో పదిహేను వందలకు పైగా విద్యార్థులు. ఎక్కువమంది భారతీయులే, వాళ్లలోనూ ఎందరో తెలుగువాళ్లు. కొందరి కాళ్లకు కదలికలు కనిపెట్టే రేడియో పట్టీలు కట్టారు. నడిపినావిడకు పదహారేళ్ల పైన జైలు పడింది. పిల్లల ఫీజులు తిరిగి రాలేదు. బుద్ధి వచ్చిందనుకున్నాం. ఎనిమిదేళ్లకు మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే మరో బూటకపు విశ్వవిద్యాలయం బయటపడింది. పంతుళ్లు లేరు, తరగతులు లేవు. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వాధికారులే, దొంగలను పట్టడానికి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు అలా వల వేయడం నా దృష్టిలో న్యాయం కాదు. కానీ కమీషన్లు తీసుకుని పిల్లలను అందులోకి తోశారని ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే! “మన ఊరివాడే, మోసం చేస్తాడా?” అనే నమ్మకమే అక్కడ పెట్టుబడి అయింది.

ఇలాంటి మోసాల గుర్తులు ఇంట్లోనే కనబడతాయి. బ్యాంకు ఖాతాలో నెల రోజులకు డబ్బు సర్ది, నిల్వ చూపించి, వడ్డీ పుచ్చుకుంటామనే కన్సల్టెన్సీని నమ్మకండి. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం ఇప్పిస్తామంటే లేచి వచ్చేయండి. దిగిన రోజునుంచే ఫుల్‌టైం పని చేసుకోవచ్చనే కాలేజీని ఒకటికి రెండుసార్లు ఆరా తీయండి. చదువుతూండగానే పని చేయడానికిచ్చే అనుమతిని సీపీటీ అంటారు. ఏడాదిపాటు అలా సీపీటీ మీద ఫుల్‌టైం చేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ పోతుంది.

అక్కడ చదువయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ కొందరు దిగేది కన్సల్టెన్సీవాళ్ల గెస్ట్‌హౌస్‌లో. ఒక గదిలో ఆరుగురు. రెజ్యూమేలో ఏడేళ్ల అనుభవం వాళ్లే రాసిపెడతారు. ఇంటర్వ్యూకు తెర వెనుక ఇంకొకరు మాట్లాడతారు, మీరు పెదవులు కదిపితే చాలంటారు. దానికి ‘ప్రాక్సీ’ అని ముద్దుపేరు. ప్రాజెక్టు దొరికేదాకా ‘బెంచి’ మీద జీతం లేకుండా కూర్చోబెడతారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు పని చూపించలేకపోయినా జీతం ఇవ్వాల్సిందేనని అక్కడి చట్టమే చెబుతోంది. ఈ మాట వాళ్లు మీకు చెప్పరు. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదనీ చెప్పరు. “పేపర్లో మా కంపెనీ పేరు పెట్టుకో, చూసుకుందాం” అంటారు. వాళ్లు చూసుకోరు. అధికారి ఆ చిరునామాకు వచ్చి తలుపు కొడితే సంజాయిషీ చెప్పాల్సింది మీరే.

సరైన దారిలో నడిచి ఎదిగినవాళ్లూ ఉన్నారు. నూరేళ్ల కిందటి మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగాడు. చేతిలో డబ్బుల్లేవు. రాత్రుళ్లు ఆసుపత్రిలో కూలిపని చేసుకుంటూ చదివాడు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టాడు. ఆ తర్వాత ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఆయన అక్కడ బతికిన కాలంలో చాలాభాగం భారతీయులకు ఆ దేశపు పౌరసత్వం అడిగే హక్కే లేదు, 1946 దాకా. చిన్న పని చేయడం ఆయనకు నామోషీ కాలేదు, మీకూ కానక్కర్లేదు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు గిన్నెలు కడిగినా అది చట్టం ఇచ్చిన పనే. దాంట్లో పరువు పోదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి లక్షలు అప్పు తెచ్చినప్పుడు పిల్లవాడి భుజాల మీద ఎంత బరువు పెడుతున్నారో గమనించండి. “ఫలానావాడు అప్పుడే ఇల్లు కొన్నాడు” అని ఫోన్‌లో అనకండి. ఆ ఒక్క మాటకే వాడు గెస్ట్‌హౌస్ మెట్లెక్కుతాడు. “ఉద్యోగం రాకపోతే వచ్చెయ్ నాన్నా” అని ముందే చెప్పి పంపండి.

ఇక విమానం ఎక్కబోయే పిల్లలూ, ఒక్క పని చేయండి. మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి పేరు, ఫోన్ నంబరు, మెయిల్ ఇప్పుడే రాసుకోండి. ఒక కాపీ అమ్మకివ్వండి. ఎవరైనా ఏ కాగితం మీదనైనా సంతకం పెట్టమంటే, పెట్టకముందు ఆ అధికారిని అడగండి. అడిగినందుకు వాళ్లు రూపాయి కూడా తీసుకోరు.