సర్కారు బాకీకి కూలీలు కట్టే వడ్డీ

వ్యవసాయ కూలీల శీర్షికలో పాతబస్తీ ముచ్చట ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. హుస్సేనీ ఆలం చార్మినార్‌కు కూతవేటు దూరం. అక్కడ నాగలీ లేదు, వరిమడీ లేదు. కానీ కరువొచ్చిన ప్రతిసారీ మూటాముల్లె సర్దుకుని నగరం బాట పట్టిన పాలమూరు కూలీలు ఎక్కడ లేరు? తండ్రి అడ్డా మీద నిలబడతాడు. పక్కింటి ముస్లిం సోదరి కార్చోబు పని చేస్తది, లక్క గాజులకు రాళ్లు అద్దుతది. ఈ ఇళ్లలో బిడ్డ ఇంటరు పాసైన రోజు సంతోషం ఎంతో భయం కూడా అంతే. ఊళ్లో నాట్లేసే మన చెల్లెలి ఇంట్లోనూ అదే భయం. పై చదువంటే అప్పు.

ఈ అప్పు ఎవరిది? ముందు ఇది తేల్చుకోవాలె.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటు పథకాన్ని విస్తరించింది. దానివల్ల కూలీ బిడ్డలు ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కిన మాట నిజం. అయితే ఆ డబ్బుతో సర్కారు తన కాలేజీలు కట్టలేదు. ప్రైవేటు యాజమాన్యాలకు ధారపోసింది. ఫీజు నేను కడతానని పేదవాడికి మాటిచ్చింది, తర్వాత కట్టడం మానేసింది. తెలంగాణ వచ్చినంక పదేళ్లు ఏలిన బి.ఆర్.ఎస్. ప్రభుత్వం బాకీలు పేర్చిపెట్టి దిగిపోయింది. దాన్ని తిట్టి గద్దెనెక్కిన కాంగ్రెసు ప్రభుత్వం ఆ కుప్ప మీద ఇంకో కుప్ప పోసింది. ఆంధ్రలోనూ పార్టీల పేర్లు వేరు గానీ కథ ఇదే.

సర్కారు కట్టకపోతే యాజమాన్యం ఊరుకుంటదా? ‘ముందు మీరు కట్టండి, సర్కారు ఇచ్చినప్పుడు వాపసు చేస్తాం’ అంటది. కట్టకపోతే హాల్ టికెట్టు ఆపుతది. చదువు అయిపోయినా టి.సి., మెమోలు ఇవ్వదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వును అమలు చేయించే అధికారి ఏ జిల్లాలో ఉన్నాడో చెబితే వెళ్లి దండం పెట్టి వస్తాం. సర్టిఫికెట్టు లేక పై చదువుకు పోలేడు, ఉద్యోగానికీ పోలేడు. ఇక తల్లి పుస్తెలు కుదువకు పోతయి. లేదంటే మైక్రో ఫైనాన్సు వాడు వారం వారం గుమ్మంలో కూర్చుంటాడు. ఆ కంపెనీల ఆగడాలకు కళ్లెం వేయడానికి 2010లో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇక్కడున్న మోసాన్ని కూలీ సోదరులు గట్టిగా పట్టుకోవాలె. సర్కారు తన బాకీ ఏండ్లకేండ్లు ఆపినా ఒక్క పైసా వడ్డీ కట్టదు. ఆ వడ్డీ నూటికి మూడు, నూటికి ఐదు చొప్పున కూలీవాడు కడుతున్నాడు. బాకీ పడ్డది సర్కారు, బాకీదారు అనిపించుకునేది మనం!

లెక్క చూడండి. ఇంజనీరింగులో పదివేల లోపు ర్యాంకు రాని బి.సి., మైనారిటీ విద్యార్థికి ఏటా సర్కారు ఇస్తానన్నది 35 వేల రూపాయలు. ఫీజు లక్ష దాటినా అంతే, మిగతాది తండ్రి నెత్తినే. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఇంటిల్లిపాదికీ కలిపి వంద రోజుల పని పూర్తిగా దొరికినా వచ్చేది 30,700. తిండి మానేసి మొత్తం కట్టినా ఆ 35 వేలకు చాలదు.

2025 నవంబరు 3 నుంచి ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం బంద్ పెట్టాయి. సర్కారు వారిని పిలిచి మాట్లాడింది, కొంత విడుదల చేస్తామంది, కాలేజీలు తెరుచుకున్నాయి. ఆ చర్చలు యాజమాన్యాలకూ ప్రభుత్వానికీ మధ్య జరిగాయి. ముందే అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రుల వడ్డీ సంగతి అక్కడ తేలలేదు.

బ్యాంకుకు పొమ్మంటారు కొందరు పెద్దమనుషులు. నాలుగు లక్షల దాకా విద్యారుణానికి తాకట్టు అడగరాదని నిబంధన. మేనేజరు తాకట్టు అడగడు, తండ్రి సిబిల్ స్కోరు అడుగుతాడు. ఎండిపోయిన పంటకు తెచ్చిన అప్పు కట్టలేకపోయిన తండ్రి పేరు కంప్యూటర్లో నల్లగా కనబడుతది. తండ్రి పొలం ఎండితే బిడ్డ చదువు ఎండాలన్నమాట. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. అది ర్యాంకులున్న సంస్థలకు మాత్రమే. మండల కేంద్రంలో డిగ్రీ చదివే పిల్లకు దానితో పనేముంది? విద్యారుణం వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉంది. పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాడికి అది వరమే!

బ్యాంకుల దగ్గర డబ్బు లేదా అంటే, 2014-15 నుంచి పదేళ్లలో 16.35 లక్షల కోట్ల రూపాయల మొండి బాకీలను ఖాతాల నుంచి కొట్టేసినట్టు కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. కొట్టేయడం మాఫీ కాదు, వసూలు సాగుతూనే ఉంటదని మంత్రులు సెలవిస్తారు. బడా పెట్టుబడిదారుడికి వర్తించే ఆ ఓపిక, నెల కిస్తీ తప్పిన కూలీ బిడ్డకు ఎందుకు వర్తించదు?

2023 ఎన్నికల ముందు కాంగ్రెసు ఆరు గ్యారంటీల్లో విద్యార్థికి 5 లక్షల విద్యా భరోసా కార్డు ఇస్తామని గోడల నిండా రాసింది. రెండేళ్లు గడిచినా ఆ కార్డు ఏ కూలీ బిడ్డ చేతికీ రాలేదు. ప్రతిపక్షమేమో తన హయాంలోని బాకీ ఊసెత్తకుండా అసెంబ్లీలో కేకలు పెడుతున్నది. చేయదలిస్తే దారి లేదా? 2017లో కేరళ వామపక్ష ప్రభుత్వం విద్యారుణాలు కట్టలేని కుటుంబాలను ఆదుకోవడానికి 900 కోట్ల పథకం తెచ్చింది. అది కూడా అప్పుల్లో ఉన్న రాష్ట్రమే.

హుస్సేనీ ఆలంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. ప్రైవేటు ఫీజుల పక్కన పెడితే అక్కడి ఫీజు ఏ మూలకూ రాదు. రోజు కూలీల బిడ్డలు, బురఖా వేసుకున్న పిల్లలు ఒకే బెంచీ మీద డిగ్రీ చదువుకోగల చోటు అది. లాభం చూసుకునే యజమాని లేడు గనుక ఫీజు కోసం సర్టిఫికెట్టు పట్టుకుని బేరమాడేవాడూ లేడు. యాజమాన్యాలకు పోసిన వేల కోట్లతో ఇట్లాంటి కాలేజీలు ప్రతి నియోజకవర్గంలో బలపరిస్తే, అధ్యాపకుల ఖాళీలు నింపి హాస్టళ్లు కడితే, ఈ బాకీ పుట్టేదే కాదు.

ఈ సమస్యను విద్యార్థి సంఘాల మీదనే వదిలేయడం తగదు. కూలి రేట్ల జాబితా తీసినట్టే ఊరూరా వ్యవసాయ కార్మిక సంఘం ఈ అప్పుల జాబితా తీయాలె. సర్కారు ఇయ్యాల్సింది ఎంత, ఇంటివాళ్లు ముందే కట్టింది ఎంత, దానికి వడ్డీ ఎంత, ఏ కాలేజీ దగ్గర ఎవరి సర్టిఫికెట్టు ఉందో రాసుకోవాలె. ఆ కాగితాలతో తహసీల్దారు ఆఫీసు నుంచి కలెక్టరేటు దాకా పోదాం. అసలు ఒక్కటే అడిగి వెనక్కి రావద్దు. తన బాకీ ఆలస్యం చేసినందుకు కూలీలు కట్టిన వడ్డీ కూడా సర్కారే కట్టాలని అడుగుదాం. సర్టిఫికెట్లు వెంటనే విడిపించాలె. ఉద్యోగం దొరికేదాకా కూలీ కుటుంబాల విద్యారుణాల వసూలు ఆపాలె. బడ్జెటు సమావేశాలు మొదలయ్యేలోగా ప్రతి మండల కమిటీ తన జాబితా జిల్లా కార్యాలయానికి పంపాలె.